వీణ మీద పడ్డ పిండి, మా పనిలో మార్పు

కస్టమర్లందరికీ నమస్కారం. విజయనగరంలో జిప్సం సీలింగ్, లప్పం, పెయింటింగ్ పనులు చేసే మా చిన్న షాపు నుంచి ఈసారి ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి.

పోయిన నెల తోటపాలెంలో ఒక ఇంటి హాలుకి సీలింగ్ చేశాం. బోర్డుల జాయింట్లకు టేపు వేసి, జాయింట్ పిండి (అతుకులు పూడ్చే లప్పం) మూడు పూతలు పట్టి, ఆరాక కొత్తగా కొన్న సాండర్ మిషన్‌తో రుద్దాం. దానికి వాక్యూమ్ తగిలించాం కాబట్టి దుమ్ము రాదని నేనే మాటిచ్చాను. సాయంత్రం పక్క గది తలుపు తీస్తే మంచం మీద, దేవుడి పటాల మీద, మూలనున్న బొబ్బిలి వీణ మీద తెల్లటి పిండి. వీణ మెట్ల కింద ఉండేది మైనం. అందులో అంటుకున్న దుమ్ము తుడిస్తే పోదు. "గుడ్డ కప్పినావు గదా బాబూ, మరిదేటి?" అన్నారు ఆ ఇంటి పెద్దావిడ. మళ్లీ మేళం కట్టించే (కొత్త మైనం పోసి మెట్లు అమర్చే) ఖర్చు మేమే పెట్టుకున్నాం. ఆ వీణ మీద రోజూ పాఠం చెప్పుకునేవారు, పది రోజులు ఆగిపోయింది. అది మాత్రం మేం తిరిగి ఇవ్వలేం.

ఎక్కడ పొరబడ్డామో తర్వాత విడదీసి చూసుకున్నాం. మేం వాడింది ఇల్లు ఊడ్చే మామూలు వాక్యూమ్. జాయింట్ పిండి ముఖానికి రాసుకునే పౌడర్ కంటే మెత్తన. కాసేపటికే ఫిల్టర్ మూసుకుపోయి లాగడం మానేస్తుంది, సన్నటి పిండి వెనక నుంచి గాలితో పాటు బయటికొస్తుంది. పైగా డిస్కుకి (రుద్దే గుండ్రటి గరుకు కాగితానికి) ఉన్న చిల్లులూ మిషన్ ప్యాడ్ చిల్లులూ ఒకదాని మీద ఒకటి రాలేదు. చిల్లు కలవకపోతే దుమ్ము లోపలికి వెళ్లే దారే లేదు. పక్క గదిలో ఫ్యాన్ తిరుగుతోందని కూడా చూసుకోలేదు.

ఇప్పుడు హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ కొన్నాం. 0.3 మైక్రాన్ల రేణువుల్ని కూడా 99.97 శాతం పట్టే రకం. దానికి ముందు మూత బకెట్ ఒకటి పెడుతున్నాం, పిండిలో చాలా భాగం అందులోనే పడిపోతుంది, ఫిల్టర్ తొందరగా మూసుకుపోదు. లాగుడు మరీ ఎక్కువైతే డిస్కు బోర్డుకి అతుక్కుని పై కాగితాన్ని లేపేస్తుంది కనుక గాలి తగ్గించే మీట వాడతాం. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నయోష్ సంస్థ 1999లో చెప్పిన లెక్క ప్రకారం వాక్యూమ్ తగిలించిన సాండింగ్ పరికరాలతో దుమ్ము 80 నుంచి 97 శాతం వరకు తగ్గింది. నూరు శాతం కాదు. అందుకే ఇకపై "దుమ్ము రాదు" అని ఎవరికీ చెప్పం. మూలలు చేత్తోనే రుద్దాలి, అక్కడ తడి స్పాంజ్ వాడతాం.

మా కుర్రాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఇన్నేళ్లూ ముక్కుకి తువ్వాలు కట్టుకుని పని చేశారు. ఆ పిండిలో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) కూడా ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ఇప్పుడు అందరికీ ఎన్95 మాస్కు. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతకదని చెప్పగానే ఇద్దరు గీయించుకొచ్చారు. వాళ్లు దగ్గుతూ ఇంటికెళ్లడం నేను ఇన్నాళ్లు చూస్తూ ఊరుకున్నాను. వీణ కంటే అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

రేటు చదరపు అడుగుకి మూడు రూపాయలు పెరుగుతుంది. సిరిమానోత్సవం లోపు ముగించమని అడుగుతున్నవారికి ఒక మాట: ఆ రోజుల్లో గాలిలో తేమ ఎక్కువ, కోటు ఆరకుండా రుద్దితే డిస్కు జిగటగా మూసుకుపోతుంది, గోడ మీద గీతలు పడతాయి. కోటుకి కోటుకి మధ్య ఒక రోజు పూర్తిగా వదిలేయండి. కోట చుట్టుపక్కల పాత ఇళ్లలో ఆయిల్ పెయింట్ గోడల్ని మిషన్‌తో రుద్దం, ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017లోనే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన రంగులో ఎంత ఉందో చూసి చెప్పలేం.

తోటపాలెం ఇంట్లో ఇంకో గది మిగిలింది. సోమవారం కొత్త సామానుతో అక్కడికే వెళ్తున్నాం, ఆ గదికి డబ్బు తీసుకోం. వీణ ముందే చుట్టాలింటికి పంపించమని చెప్పాను.