కొత్త బండి కొన్నాక మీ డెలివరీలు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

అందరికీ నమస్కారం. గత ఏడు వారాల్లో మా దగ్గర ఫర్నిచర్ ఆర్డర్ ఇచ్చిన 31 మందిలో 12 మందికి సామాను చెప్పిన రోజుకు చేరలేదు. వాళ్లలో ముగ్గురికి రెండుసార్లు తేదీ మార్చాం. ఒకరికి తడిసిన బీరువా వెళ్లింది. మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ "బండి సమస్య అండి, రేపు వచ్చేస్తుంది" అని చెప్పాం. బండి సమస్య నిజమే. రేపు వస్తుందన్న నమ్మకం మాత్రం మాకే లేదు. తెలియకుండా రేపు అన్నాం. ఆ మాట చెప్పింది చాలాసార్లు నేనే. అందుకే ఏం జరిగిందో మొత్తం రాస్తున్నాను.

మా పాత పికప్ 14 ఏళ్లు పనిచేసింది. చివరి ఏడాదిలో నెలకోసారైనా మెకానిక్ దగ్గరికి వెళ్లేది. ఇలా కాదని కొత్త డీజిల్ పికప్ కొన్నాం. టన్నుంపావు లోడు లాగుతుంది, వెనక మూసి ఉండే బాడీ కట్టించాం. పాతదాన్ని అదే రోజు ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాం. కొత్తది వచ్చాక పాతదానితో పనేముంది, నిలబెట్టడానికి జాగా కూడా లేదు అనుకున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

యంత్రాలు ఎప్పుడు పాడవుతాయో లెక్కలు కట్టే ఇంజినీర్లు ఒక గీత గీస్తారు. స్నానాల తొట్టిని పక్కనుంచి చూసినట్టు ఉంటుంది కాబట్టి దాన్ని బాత్‌టబ్ కర్వ్ అంటారు. మొదట్లో లోపాలు ఎక్కువ, తర్వాత చాలాకాలం తక్కువ, పాతబడ్డాక మళ్లీ ఎక్కువ. పాత బండితో మేము ఆ గీతకు కుడి చివర ఉన్నాం. అక్కడినుంచి నేరుగా ఎడమ చివరకు వచ్చి పడ్డాం. ఫ్యాక్టరీలో సరిగ్గా బిగించని క్లిప్పు, అతకని రబ్బరు, షోరూంలో తొందరలో వేసిన వైరు, ఇవన్నీ మొదటి కొన్ని వేల కిలోమీటర్లలోనే బయటపడతాయి. కనీసం రెండు నెలలు రెండు బండ్లూ ఉంచుకుని ఉంటే మీలో ఎవరికీ ఏ ఇబ్బందీ తెలిసేది కాదు.

మొదట వచ్చింది బ్యాటరీ సమస్య. రెండు రోజులు సెలవు తర్వాత ఉదయం తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోలేదు. వేరే బండి నుంచి వైర్లు పెట్టి స్టార్ట్ చేశాం. వారం తిరిగేసరికి మళ్లీ అదే. నిండా చార్జ్ అయిన బ్యాటరీ బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించాలి, మాది 11.8 చూపించింది. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి తాళం తీసేసి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతోందో మీటర్ పెట్టి చూశాడు. మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి. ఒక ఆంపియర్ పోతోంది. అంటే రోజుకు 24 ఆంపియర్ అవర్లు. మా బ్యాటరీ మొత్తం 70. రెండు రోజులు కదలకపోతే ఇంకేం మిగులుతుంది? వెనక బాడీలో వేసిన లైట్ల రిలేని, అంటే కరెంటు కలిపే స్విచ్చును, తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపేశారు. కనిపెట్టాక బాగుచేయడానికి అరగంట కూడా పట్టలేదు. ఈలోపు రెండు ఉదయాలు, నాలుగు డెలివరీలు పోయాయి.

తర్వాత డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగింది, బండి 40 దాటి లాగడం మానేసింది. ఇప్పటి డీజిల్ బండ్లలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టుకుంటుంది. పట్టుకున్న మసిని అప్పుడప్పుడు తనే కాల్చుకోవాలి. దానికి ఫిల్టర్ సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కాలి, బండి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. మా బండి చేసే పని చూడండి: నాలుగు కిలోమీటర్లు వెళ్లడం, ఆపడం, ముప్పావు గంట సామాను దించి బిగించడం, మళ్లీ మూడు కిలోమీటర్లు. ఫిల్టర్ వేడెక్కేలోపే మేము ఇంజిన్ ఆపేస్తాం. మసి మరీ నిండితే ఇంజిన్‌ను కాపాడటానికి కంప్యూటర్ శక్తి తగ్గించేస్తుంది.

సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెడితే పీ2463 అనే కోడ్ వచ్చింది, మసి ఎక్కువైందని దాని అర్థం. "మీ వాడకమే అండి కారణం" అన్నారు. స్కానర్‌తోనే ఫిల్టర్‌ను కాల్పించి పంపారు. అందులో నిజం ఉంది కాబట్టి నేను ఒప్పుకున్నాను. ఆ వారం బండిని పని లేకపోయినా హైవే మీద 40 కిలోమీటర్లు తిప్పించాను. అయినా 200 కిలోమీటర్లకే మళ్లీ అదే లైటు. అప్పుడు ఒప్పుకోలేదు. లాంగ్ డ్రైవ్ చేశాక కూడా మసి ఎలా నిండుతుంది అని అడిగి, బండి కింద నేనూ పక్కన నిలబడి చూశాను. ఫిల్టర్‌కు ముందు, వెనక పీడనం ఎంత తేడా ఉందో కొలిచే సెన్సార్ ఒకటి ఉంటుంది. దానికి రెండు సన్నటి గొట్టాలు. వెనకవైపు గొట్టానికి క్లిప్పు లేదు, ఊడి వేలాడుతోంది. ముందువైపు పీడనం మాత్రమే అందుతుంటే తేడా ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించి, ఫిల్టర్ మూసుకుపోయినట్టు కంప్యూటర్ అనుకుంది. ఒక్క క్లిప్పు. మాటిమాటికీ మసి కాల్చే ప్రయత్నంలో, ఫిల్టర్‌ను వేడెక్కించడానికి ఇంజిన్ ఎక్కువగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలిసి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద పై గీత దాటింది. ఆయిల్ కూడా మార్పించాం. ఇప్పుడు వారానికోసారి దూరపు డెలివరీ ఒకటి తప్పకుండా ఉండేలా రూట్ వేసుకుంటున్నాం, ఎందుకంటే వాళ్లు చెప్పిన మాటలో మా వంతు కూడా ఉంది.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది వణుకు. లోడుతో వెళ్తుంటే 60 దాటాక సీటు కింద ఒక సన్నటి అదురు మొదలై, 70కి బాడీ అంతా వణికేది. దీన్ని మొదట చెప్పింది మా డ్రైవర్. "అన్నా, బండి అదురుతోంది, లోపల సామాను చప్పుడు చేస్తోంది" అన్నాడు. కొత్త బండి, అలవాటు లేక అలా అనిపిస్తోందిలే అని నేను కొట్టిపారేశాను. పది రోజుల తర్వాత ఒక డ్రెస్సింగ్ టేబుల్ అద్దం దారిలోనే చిట్లింది. ప్యాకింగ్ చేసిన కుర్రాడిని మందలించాను కూడా. తప్పు వాడిది కాదు. ఇద్దరికీ క్షమాపణ చెప్పాను, ఇక్కడ కూడా చెబుతున్నాను.

సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే చక్రాలు బ్యాలెన్స్ చేశారు. తగ్గలేదు. టైర్లు ముందువి వెనక, వెనకవి ముందు వేశారు. తగ్గలేదు. మూడోసారి వాళ్లే నడిపి చూసి జాబ్ కార్డు మీద "సమస్య కనిపించలేదు" అని రాసి తాళం చేతికిచ్చారు. నాకు ఆ రోజు చాలా బాధేసింది. అబద్ధం చెబుతున్నామని అనుకుంటున్నారా అనిపించింది. బయటికి వచ్చి డ్రైవర్‌తో మాట్లాడుతుంటే అతనే అన్నాడు: "వాళ్లు ఖాళీ బండి నడిపారు కదన్నా."

నిజమే. ప్రతిసారీ మేము సామాను దించేసి బండి ఇచ్చాం. వాళ్లు ప్రతిసారీ ఖాళీగానే నడిపారు. మర్నాడు 18 ఎంఎం ప్లైవుడ్ షీట్లు 25 ఎక్కించుకుని వెళ్లాం. ఒక్కోటి 35 కిలోల దాకా ఉంటుంది, అంటే దాదాపు 900 కిలోలు. హెడ్ మెకానిక్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మా డ్రైవర్ నడిపాడు. 65 దగ్గర ఆయన ఏమీ మాట్లాడకుండా చెయ్యి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. వెనక్కి వచ్చి బండి ఎత్తి చూస్తే సంగతి తేలింది. ఇంజిన్ నుంచి వెనక చక్రాలకు తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవుగా ఉంటుంది కాబట్టి రెండు ముక్కలుగా చేస్తారు. మధ్యలో ఒక బేరింగ్, దాని చుట్టూ రబ్బరు దిండు పట్టుకుని ఉంటాయి. మా బండిలో ఆ రబ్బరు ఇనుప చట్రం నుంచి ఒకవైపు విడిపోయింది. ఖాళీగా ఉన్నప్పుడు షాఫ్ట్ దాదాపు సరిగ్గానే తిరుగుతుంది. లోడు వేస్తే వెనక కమాన్ పట్టీలు దిగుతాయి, షాఫ్ట్ కోణం మారుతుంది, దాని మీద భారం పెరుగుతుంది. పట్టు లేని బేరింగ్ ఊగుతుంది. అలాగే నడిపి ఉంటే షాఫ్ట్ ఊడే ప్రమాదం కూడా ఉండేదని ఆ మెకానిక్ చెప్పారు. మా డ్రైవర్ రోజూ ఆ సీట్లోనే కూర్చుని నడిపాడు, అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కుదురుగా ఉండదు.

వారంటీలో పార్టు మార్చారు. పార్టు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. మీలో ఎక్కువమందికి తేదీ మారింది ఆ తొమ్మిది రోజుల్లోనే. అప్పుడే అద్దె బండి మాట్లాడి ఉండాల్సింది. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అని సర్వీస్ సెంటర్ నాకు చెప్పిన మాటే నేను మీకు చెబుతూ పోయాను. తుంటి ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన ఒక పెద్దాయన కోసం ఎత్తు మంచం చేయించుకున్న కుటుంబం ఉంది. ఆయన ఆరు రోజులు సోఫా మీద పడుకున్నారు. వాళ్లు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది నాకు తిట్టుకన్నా బరువుగా ఉంది. అప్పటికైనా నిజం చెప్పి ఉంటే ఆ పూటే వాళ్లు వేరే ఏర్పాటు చేసుకునేవాళ్లు.

ఇక తడిసిన బీరువా. ఇది బండి కంపెనీ లోపం కాదు, వెనక బాడీ కట్టినవాళ్ల పని. వర్షంలో వెళ్లిన రోజు వెనక తలుపు ఎడమ మూల నుంచి నీళ్లు లోపలికి కారి, కింద పెట్టిన బీరువా పలకలు పీల్చుకున్నాయి. ఆ పలకలు ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో నొక్కి చేసినవి. ఎండీఎఫ్ అంచు నుంచి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండినా మళ్లీ మామూలు కాదు. ఆ బీరువా మొత్తం మార్చి ఇచ్చాం. తలుపు రబ్బరును కాగితంతో పరీక్షించాం: కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగితే గట్టిగా పట్టుకోవాలి. ఎడమ కింది మూలలో జారి వచ్చేసింది. తలుపు కీలు కొంచెం పక్కకు బిగించడంతో అక్కడ రబ్బరు నొక్కుకోవడం లేదు. కీలు సరిచేయించి రబ్బరు మార్పించాం. పైపుతో పావుగంట నీళ్లు కొట్టించి, లోపల టార్చి పట్టుకుని నేనే కూర్చున్నాను. చుక్క రాలేదు. అయినా పెద్ద వానలో ఇంకా వెళ్లలేదు కాబట్టి, అప్పటిదాకా ప్రతి పలకకూ ప్లాస్టిక్ కవర్, పైన పట్టా కప్పే పంపుతాం.

మీలో ఎవరైనా కొత్త బండి కొనబోతుంటే ఒక్క మాట. లోపం ఎప్పుడు కనిపిస్తుందో, ఎంత లోడులో, ఎంత వేగంలో, మీ మాటల్లోనే జాబ్ కార్డు మీద రాయించండి. "సమస్య కనిపించలేదు" అన్నా ఆ కాగితం కాపీ తెచ్చుకోండి. మా పార్టు వారంటీలో మారిందంటే మొదటి మూడు కాగితాలూ ఫైల్‌లో ఉన్నందుకే. చక్రాలు విప్పి బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లలో నట్లు మళ్లీ బిగించి చూసుకోండి, మాకు రెండు వదులుగా దొరికాయి.

ఇప్పుడు బండి 2,900 కిలోమీటర్లు తిరిగింది. 16 రోజులుగా ఏ లైటూ వెలగలేదు, అదురు లేదు. అయినా బండి మీద నమ్మకంతో తేదీ ఇవ్వడం ఆపేశాను. ఒక అద్దె బండి ఓనర్‌తో ముందే మాట్లాడుకున్నాం. ఉదయం ఎనిమిదికి మా బండి కదలకపోతే తొమ్మిదికి అతని బండి వస్తుంది, ఆ ఖర్చు మాదే. ముందురోజు సాయంత్రం సామాను బండిలోకి ఎక్కాకే మీకు ఫోన్ వస్తుంది. ఏ కారణంతోనైనా ఆగితే ఆ కారణం కూడా అదే ఫోన్‌లో చెబుతాం. ఆలస్యమైన 12 మందికీ డెలివరీ చార్జీ వెనక్కి పంపాం. ఎవరికైనా అందకపోతే అడగండి. ఇంకా మిగిలినవి నాలుగు ఆర్డర్లు, ఈ శనివారంలోపు అన్నీ వెళ్తాయి, అవసరమైతే అద్దె బండిలో.

బండి వెనక తలుపు రబ్బరు మార్చకముందు వర్షం రోజుల్లో సామాను తీసుకున్నవాళ్లు ఇంకో ఆరుగురు ఉన్నారు. మీకు విడిగా ఫోన్ చేస్తున్నాను, ఈలోపు మీరే ఒకసారి చూడండి. బీరువా, టీవీ యూనిట్ కింది అంచును వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా ఉబ్బినట్టు తగిలితే ఫొటోలు, బిల్లులు ఏమీ అక్కర్లేదు, ఒక్క ఫోన్ చేస్తే వచ్చి పలక మార్చి వెళ్తాం.