బడి గ్రంథాలయానికి తోడుగా మన సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఏడాది పనుల నివేదికను సభ్యుల ముందు పెట్టడం నియమావళి ప్రకారం కార్యదర్శి బాధ్యత. మన ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ వల్లించను. ఈ ఏడాది చేసిన పనుల్లో చెప్పుకోదగ్గది ఒకటే. చిత్తూరులో మనం చేయూతనిస్తున్న ఉన్నత పాఠశాలలో గ్రంథాలయం తలుపు బడి ఉన్న ప్రతిరోజూ తెరుచుకుంది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఏం చదవాలో చెప్పే మనిషి ఆ గదిలో కూర్చుంది. మిగతావన్నీ దాని చుట్టూ జరిగినవే.

అంతకుముందు ఆ బడిలో పుస్తకాలు లేక కాదు, బీరువాల నిండా ఉన్నాయి. తాళం తీసేవాళ్లు లేరు. ఉపాధ్యాయులను తప్పుపట్టడానికి లేదు. స్టాకు రిజిస్టరు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే జవాబుదారీ. బదిలీ నాటికి లెక్క తేలకపోతే తమ జీతంలోంచి కట్టాల్సి వస్తుందేమోనని ఎవరికైనా భయమే. ఆ భయంతో పుస్తకం పిల్లల చేతికి పోయేది కాదు, బీరువాలోనే చెదలు పట్టేది. అందుకని, పోయిన ప్రతి పుస్తకానికీ మన సంఘమే బాధ్యత వహిస్తుందని, అదే పుస్తకం కొని ఇస్తుందని కార్యవర్గం రాతపూర్వకంగా తీర్మానం చేసింది. ప్రధానోపాధ్యాయులు ఒప్పుకుని తాళాలు అప్పగించారు. వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. పుస్తకాలు కొన్ని పోయాయి, కొనిచ్చాం. తాను చదివింది మేనత్త కూతురికి ఇచ్చి వచ్చిన పిల్ల ఉంది, ఆ పుస్తకం ఇప్పుడు పలమనేరులో ఉంది. దానికి నాకేమీ బాధ లేదు.

లైబ్రరీ మేడమ్‌కు మనం ఇచ్చే గౌరవ వేతనం చాలా చిన్నది. ఆమె చేసిన పని దానికి ఎన్నో రెట్లు. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో ‘ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు’ అన్న మాటలు గ్రంథాలయాల గోడల మీద మనందరం చూసినవే. వాటిని ఆచరణలో పెట్టడం ఈమె దగ్గర చూశాను. “మంచి బుక్కు చెప్పండి మేడమ్” అని వచ్చిన పిల్లవాడికి ఆమె వెంటనే పుస్తకం తీసివ్వదు. ఈమధ్య నచ్చిన సినిమా ఏది, సెలవుల్లో ఏ ఊరికి పోయావు, ఇంట్లో ఎవరితో ఎక్కువ మాట్లాడతావు అని అడుగుతుంది. ఆ తర్వాత మూడు పుస్తకాలు బల్ల మీద పెడుతుంది. ఒకటి సన్నది, ఒకటి నవ్వించేది, ఒకటి కాస్త కష్టమైనది. ఎంచుకోవడం పిల్లవాడి ఇష్టం. ఇరవై పేజీలు చదివినా పట్టుబడకపోతే తెచ్చి ఇచ్చేయవచ్చు. ఎందుకు ఆగిపోయాడో ఒక మాట చెప్పాలి, అంతే.

ఆ మాటను ఆమె ఇష్యూ రిజిస్టరులో పేరు పక్కనే రాస్తుంది. ఆ రిజిస్టరును సభ్యులు తప్పక చూడాలి. ‘పేర్లు శానా ఉండాయి, గుర్తుండలేదు’ అని ఒకచోట. ‘తాత సచ్చిపోతాడని ముందే తెలిసిపోయింది’ అని ఒకచోట. ‘రాత్రిపూట లైటు తీసేస్తారు’ అని ఇంకోచోట. ఈ చివరిది చదివాకే బడి విడిచిన తర్వాత ఒక గంటసేపు గది తెరిచి ఉంచాలని కార్యవర్గం నిర్ణయించింది. ఆ గంటలో కూర్చునే పిల్లలు ఇప్పుడు బెంచీలు చాలనంతమంది అయ్యారు.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు పుస్తకం చెప్పడం మిగతా అందరికీ చెప్పడం కన్నా కష్టం. బొమ్మల కథలిస్తే మమ్మల్ని చిన్నపిల్లలనుకున్నారా అంటారు. పెద్దల నవల ఇస్తే నాలుగు పేజీలకే మూసేస్తారు. ఈ వయసువాళ్ల కోసమని తెలుగులో రాసినవి తక్కువ. పైగా మనది సరిహద్దు ఊరు. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలున్నారు, ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు. రెండూ కూడబలుక్కుని చదివేవాళ్లే ఎక్కువ. ఇలాంటి పిల్లలకు మొదట ఇవ్వాల్సింది గొప్ప పుస్తకం కాదు, చివరిదాకా చదవగలిగిన పుస్తకం అని మేడమ్ గట్టిగా చెబుతుంది. ఒక పుస్తకం తుదముట్టా చదివిన పిల్ల రెండోదానికి తానే వస్తుంది. కార్యవర్గంలో ఒకరిద్దరు పెద్దలు శతకాలు, పురాణాలతో మొదలుపెట్టాలన్నారు. వారి మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ విషయంలో నేను మేడమ్ పక్షం.

ఏ పుస్తకాలు కదిలాయని చాలామంది అడిగారు. నండూరి రామమోహనరావు గారు తెలుగులోకి తెచ్చిన మార్క్ ట్వేన్ నవలలు, టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్, బీరువాలోకి తిరిగి వచ్చిందే తక్కువ. బారిస్టర్ పార్వతీశం మొదటి భాగాన్ని తొమ్మిదో తరగతి వాళ్లు గుంపుగా చదువుకున్నారు. మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు బయల్దేరినాయన పాట్లకు వాళ్లు నవ్విన నవ్వులు స్టాఫ్‌రూములోకి వినబడ్డాయి. సోమరాజు సుశీల గారి ఇల్లేరమ్మ కతలకు ఆడపిల్లల్లో వరుస కట్టాల్సి వచ్చింది. రైలుపెట్టెల్లో తరగతులు నడిపిన జపాను బడి కథ ‘రైలుబడి’ ఎనిమిదో తరగతి వాళ్లకు బాగా నచ్చింది. నాజీలకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్‌కు పదమూడో పుట్టినరోజుకు ఆ డైరీ కానుకగా వచ్చిందని, ఆ సంవత్సరం 1942 అని తెలుసుకున్న ఒక అమ్మాయి తానూ ఒక నోటుపుస్తకం మొదలుపెట్టింది. అందులో ఏముందో అడగవద్దని, తెరిచి చూడవద్దని మేడమ్ ఆ పిల్ల తల్లిని పిలిచి మరీ చెప్పింది.

నామిని సుబ్రమణ్యం నాయుడు గారి కతల సంగతి వేరే చెప్పాలి. మేడమ్ ముందు తాను చదివి, ఈ వయసుకు తగినవి ఎంచి ఇచ్చింది. ఒక పిల్లవాడు గదిలోనే పైకి చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. “మేడమ్, ఇది మా అవ్వ మాట్లాడినట్టే ఉండాది. బుక్కులో ఇట్ల రాయొచ్చునా?” అన్నాడు. “రాయొచ్చు నాయనా. ఈయన మన సీమ ఆయనే” అంది మేడమ్. వాడు ఆ పుస్తకం ఇంటికి తీసుకుపోయి అవ్వకు చదివి వినిపించాడు. మర్నాడు ఆ అవ్వ బడి గేటు దగ్గరికి వచ్చి, మిగిలిన కతలు కూడా ఇచ్చి పంపమని అడిగిపోయింది.

తల్లిదండ్రులంతా ఇలా లేరు. “కతలెందుకు మేడమ్, పరీక్షలకు పనికొచ్చేవి ఇయ్యండి” అన్న తండ్రి ఒకాయన ఉన్నాడు. మేడమ్ ఆయనతో వాదించలేదు. కలాం గారి ‘ఒక విజేత ఆత్మకథ’ ఇచ్చి పంపింది. 1980 జూలై 18న మన పక్కనున్న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు ఎగిరిన ఘట్టం చదివి ఆ పిల్లవాడు మరునాడే ఆకాశం గురించి పుస్తకం కావాలని వచ్చాడు. ఈసారి నండూరి వారి ‘విశ్వరూపం’ ఇచ్చింది. కొన్నిచోట్ల అర్థం కావడం లేదంటూనే చదువుతున్నాడు. తండ్రి ఇప్పుడు అడ్డు చెప్పడం లేదు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన కార్యక్రమం. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా వ్యాసరచన, వక్తృత్వం, బహుమతులతో ముగిసేవి. ఈసారి మేడమ్ ఒక నవలను వారమంతా పిల్లల చేతనే పైకి చదివిద్దామంది. ఎంచుకున్నది డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’. ఆయన మన జిల్లా తలుపులపల్లె వారు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ నవలలు రాశారు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి పోవడం కథ. పిల్లలకు బరువవుతుందేమోనని కార్యవర్గంలో సందేహం వచ్చింది. మేడమ్ వెనక్కి తగ్గలేదు.

సాయంత్రం బడి విడిచాక వరండాలో మైకు పెట్టి, పిల్లలు వంతులవారీగా చదివారు. మొదటిరోజు పిల్లలే ఉన్నారు. తర్వాత వాళ్లను తీసుకుపోవడానికి వచ్చిన తల్లులు నిలబడ్డారు. ఎదురుగా టీ బంకు దగ్గరివాళ్లు లోపలికొచ్చి కూర్చున్నారు. వాన పడిన రోజు అందరం తరగతి గదిలోకి జరిగామే గాని చదవడం ఆపలేదు. వారం మధ్యలో, ఈనిన పంది ఘట్టం చదువుతుండగా వెనక నుంచి ఒక పెద్దాయన లేచాడు. “ఈనిన పంది కాడికి సాకినోడైనా ఊరికే పోకూడదప్పా. పిల్లల మింద మనిషి నీడ పడితే అది తన మన చూడదు” అన్నాడు. మేడమ్ చదవడం ఆపించి ఆయనను ముందుకు పిలిచి కుర్చీ వేసింది. పిల్లలు ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఒక్క ఈతలో ఎన్ని పిల్లలు పుడతాయి, గాలి ఎటు కొడుతుంటే దగ్గరికి పోవాలి, రాత్రిపూట నక్క వస్తే ఏం చేసేవారు. ఆయన ఒక్కోదానికీ చేతులు తిప్పుతూ జవాబు చెప్పాడు. ఆ సాయంత్రం నవల నాలుగు పేజీలు కూడా ముందుకు సాగలేదు.

ఆయన మనవడు తొమ్మిదో తరగతిలోనే ఉన్నాడని తర్వాత తెలిసింది. ఇంట్లో ఏం పనిచేస్తారని అడిగితే అప్పటిదాకా తల దించుకునే పిల్లవాడు. 20వ తేదీన చివరి పేజీలు చదివింది అతనే. తానే అడిగి తీసుకున్నాడు. చివరికి ఏమవుతుందో నేనిక్కడ చెప్పను. పుస్తకం గదిలో ఉంది, సభ్యులు వచ్చి చదువుకోవచ్చు. ఆ వారం తర్వాత ఆ నవల కోసం పేర్లు రాసుకోవాల్సి వచ్చి, అదనపు ప్రతులు తెప్పించాం.

ఈ కార్యక్రమానికి మైకు సెట్టు ఉచితంగా ఇచ్చినవారికి, రోజూ పిల్లలకు బొరుగులు, వేయించిన శనగవిత్తనాలు పంపిన దుకాణదారుకు, వరండా శుభ్రం చేసిన ఆయమ్మకు, చీకటి పడ్డాక ఆడపిల్లలను ఇళ్లదాకా దిగబెట్టిన ఆటో డ్రైవరు అన్నకు, అట్టలు ఊడిన పాత పుస్తకాలకు బైండింగు చేసిచ్చిన మన సభ్యుడికి, తండ్రిగారి పుస్తకాలన్నీ సంఘానికి ఇచ్చిన కుటుంబానికి, ప్రధానోపాధ్యాయులకు, తెలుగు ఉపాధ్యాయులకు పేరుపేరునా ధన్యవాదాలు.

చెప్పక తప్పనివి కొన్ని ఉన్నాయి. ముగింపు సభకు వస్తానని మాట ఇచ్చిన అధికారి రాలేదు, రావడం లేదన్న కబురూ పంపలేదు. పూలగుత్తి పట్టుకున్న పిల్లలు చీకటి పడేదాకా గేటు దగ్గరే నిలబడ్డారు. బడికి శాశ్వత లైబ్రేరియన్‌ను ఇవ్వమని మనం పెట్టిన అర్జీకి ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట తప్ప జవాబు లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా, అది ఇక్కడికి రాదా అని సభ్యులు అడుగుతున్నారు. 1960 నాటి చట్టం ప్రకారం ఆ సొమ్ము పౌర గ్రంథాలయాలకు. బడి గదిలో కూర్చునే మనిషి జీతానికి మనమే చూసుకోవాలి.

అధికారుల మాట సరే, మన సభ్యుల సంగతి. సాయంత్రం గంటకు మేడమ్‌కు తోడుగా ఉంటామని పోయిన సమావేశంలో పేర్లు రాయించుకున్నవారు ఎందరో. మొదటి నెల దాటాక వచ్చింది ముగ్గురు. ఆ ముగ్గురూ ఆడవాళ్లే, ముగ్గురూ ఇంటిపని ముగించుకుని వచ్చినవాళ్లే. మేడమ్‌కు జ్వరం వచ్చిన వారంలో వాట్సాప్ గ్రూపులో అడిగితే చూసినవారే గాని వస్తామన్నవారు లేరు. ఆ వారం సాయంత్రం గది తెరవలేకపోయాం. పిల్లలు వచ్చి తాళం చూసి వెళ్లారు. నాకు ఇది చాలా బాధ కలిగించింది. డబ్బు ఇచ్చేవారికి సంఘం రుణపడి ఉంటుంది. కాని పిల్లవాడు పుస్తకం వెనక్కి తెచ్చి “ఇది నాకు నచ్చలేదు” అన్నప్పుడు, ఎందుకని అడిగే మనిషి ఎదురుగా ఉండాలి.

జమాఖర్చుల వివరాలు కోశాధికారి గారు వేరే పత్రంలో ఇచ్చారు. ఆడిటరు గారు చూసి సంతకం చేశారు. రాబడిలో ఎక్కువ భాగం సభ్యత్వ రుసుము, విరాళాలు. ఖర్చులో ఎక్కువ భాగం గౌరవ వేతనం, పుస్తకాలు. బాకీలు లేవు. సభ్యత్వ రుసుము కట్టనివారు ఈరోజే కట్టి రసీదు తీసుకోగలరు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదనలు: వేసవి సెలవుల్లో వారానికి రెండు రోజులైనా గది తెరవడం, ఇంట్లో తమిళం, ఉర్దూ మాట్లాడే పిల్లల కోసం ఆ భాషల పుస్తకాలు కొన్ని కొనడం, మేడమ్ గౌరవ వేతనం పెంచడం. మూడోది అన్నిటికన్నా ముందు జరగాలని నా వ్యక్తిగత విన్నపం. ఇంత తెలిసిన మనిషిని ఇంత తక్కువకు ఎంతోకాలం నిలుపుకోలేం.

సాయంత్రం వంతుల కొత్త పట్టిక తలుపు దగ్గర బల్ల మీద ఉంది. రాగలిగినవారు మాత్రమే, ఏ వారం, ఏ రోజు అన్నది స్పష్టంగా రాసి, ఫోన్ నంబరు ఇవ్వండి. ఈ నివేదికను, దానితో జతపరచిన జమాఖర్చుల పత్రాన్ని సభ ఆమోదించాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి
చిత్తూరు