సి.ఆర్.రెడ్డిని సగమే గుర్తుపెట్టుకున్నాం

సంపాదకులకు నమస్కారాలు.

రాజకీయాలతో సంబంధం ఉన్న ఎవరినీ ఉపకులపతి పదవి దరిదాపులకు రానివ్వకూడదని ఈ మధ్య మీ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. పరిశ్రమల్లోనూ ప్రభుత్వ పాలనలోనూ పనిచేసినవారు కూడా ఆ పదవికి అర్హులేనంటూ విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2025 జనవరిలో ముసాయిదా నిబంధనలు తెచ్చినప్పటి నుంచి ఈ వాదన తరచూ వినిపిస్తోంది. వ్యాసకర్త ఆందోళన న్యాయమైనదే. కానీ ఆయన పెట్టిన నియమం 1926లోనే ఉండి ఉంటే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా కట్టమంచి రామలింగారెడ్డి (సి.ఆర్.రెడ్డి) గారు దక్కేవారు కాదు.

నేను చెన్నైలో ఎన్నో ఏళ్లు డిగ్రీ విద్యార్థినులకు తెలుగు చెప్పాను. పరీక్షల్లో కట్టమంచి వారి సాహిత్య విమర్శ గురించి పేజీలకు పేజీలు రాసేవారు. ఆయన ఇదే ఊళ్లో శాసనమండలి సభ్యుడిగా ప్రభుత్వాన్ని నిలదీశారని మాత్రం దాదాపు ఎవరికీ తెలిసేది కాదు. పాఠ్యపుస్తకంలో ఆ ముక్క లేకపోతే పిల్లలననుకుని ఏం లాభం?

1923 నవంబరులో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి పానగల్లు రాజా మంత్రివర్గం మీద మద్రాసు శాసనమండలిలో అవిశ్వాస తీర్మానం పెట్టింది ఆయనే. అంతకుముందు తాను ఉన్న జస్టిస్ పార్టీ ప్రభుత్వం మీదే! అనుకూలంగా 44 ఓట్లు, వ్యతిరేకంగా 65. తీర్మానం వీగిపోయింది. ఆ చర్చ అచ్చు ప్రతిని నేను చదివాను. ఎవరెటు ఓటేశారో పేర్లు వరుసగా ఇచ్చారు. ఒక్కో పేరు మీద వేలు పెట్టుకుంటూ వెళుతుంటే ఆనాటి సభలో కూర్చున్నట్టే అనిపించింది.

ఆ తరువాత జరిగినది ఇంకా ముఖ్యం. ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది ఆ పానగల్లు మంత్రివర్గం హయాంలోనే. విద్యామంత్రి ఎ.పి.పాత్రో. తమను గద్దె దించాలని చూసిన మనిషే తొలి ఉపకులపతి అవుతుంటే ఆ ప్రభుత్వం అడ్డుపడలేదు. మూడేళ్లు కూడా గడవకముందే! ఇవాళ ఏ రాష్ట్రంలోనైనా, ఏ పార్టీ పాలనలోనైనా ఇది ఊహించగలమా?

ఆయనేమీ చదువుల సంగతి తెలియని రాజకీయ నాయకుడు కాదు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలోనూ కేంబ్రిడ్జిలోనూ చదివారు. మైసూరు మహారాజా కళాశాలలో పనిచేశారు, ఆ సంస్థానంలో విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. పంచముల (నేటి మాటలో దళితుల) పిల్లలను బడుల్లో చేర్చుకోవలసిందేనని అక్కడ పట్టుబట్టిన అధికారి ఆయన. ఆ పట్టుదలే శాసనమండలిలోనూ కనిపిస్తుంది. అందుకే ఆయన జీవితాన్ని ఇది విద్య, ఇది రాజకీయం అని రెండుగా కోయడం నాకు సమ్మతం కాదు.

సత్యాగ్రహుల మీద బ్రిటిషు ప్రభుత్వ దమనకాండను నిరసిస్తూ ఆయన ఉపకులపతి పదవికి రాజీనామా చేశారు. 1931లో ఆ స్థానంలోకి వచ్చింది సర్వేపల్లి రాధాకృష్ణన్. మైలాపూరులో మా ఇంటి దగ్గరి పెద్ద రోడ్డుకు ఆయన పేరే ఉంది. ఆయన కూర్చున్న ఆ కుర్చీ అంతకుముందు ఎవరిదో ఈ తెలుగువారి ఊళ్లో చెప్పగలిగేవారు తక్కువ. రెడ్డిగారు 1936లో తిరిగి వచ్చి 1949 దాకా ఉన్నారు. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయాన్ని వాల్తేరు నుంచి గుంటూరుకు తరలించవలసి వచ్చినప్పుడు బాధ్యత ఆయనదే.

కాబట్టి రాజకీయాల్లోంచి వచ్చారా, రాలేదా అన్నది నా దృష్టిలో చివర అడగవలసిన ప్రశ్న. ప్రభుత్వం తప్పు చేస్తే ఎదురు చెప్పగలరా? అవసరమైతే పదవి వదులుకుని వెళ్లగలరా? ఉపకులపతి పదవికి పేర్లు సూచించే అన్వేషణ కమిటీలు ముందు చూడవలసినవి ఇవి. అసలు కమిటీలో ఎవరి మనిషి ఉండాలన్న పేచీతోనే ఏళ్లు గడిచిపోతున్నాయి. మద్రాసు విశ్వవిద్యాలయంలో 2023 ఆగస్టులో ఉపకులపతి పదవీకాలం ముగిశాక చాలాకాలం, ఉపకులపతి లేనప్పుడు తాత్కాలికంగా పనులు చూసే కన్వీనర్ కమిటీతోనే నెట్టుకొచ్చారు. దీని మీద మీ పత్రిక ఇంకా గట్టిగా రాయాలి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం వందేళ్ల సందర్భంగా మీరు వేసే వ్యాసాల్లో 1923 నాటి ఆ శాసనమండలి చర్చకు కూడా చోటివ్వండి. తెలుగులోకి తెచ్చే పని నేను చేసిపెడతాను. పారితోషికం అక్కరలేదు.

విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు,
మైలాపూరు, చెన్నై