గుండె స్కాన్ రిపోర్టులో ఇవి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నడివయసు వాళ్లు ఉన్నట్టుండి గుండెపోటుతో పోతున్న వార్తలు చదివి, ముందే పసిగట్టే పరీక్ష ఏమైనా ఉందా అని వరంగల్, హనుమకొండల్లో చాలామంది అడుగుతున్నారు. గుండె కండరానికి రక్తం ఎలా అందుతోందో బొమ్మ తీసి చూపే గుండె పర్ఫ్యూజన్ స్కాన్ ఆ పని కొంతవరకు చేస్తుంది. అయితే రిపోర్టు చివర ‘నార్మల్’ అనో ‘ఇస్కీమియా (కండరానికి రక్తం చాలకపోవడం) ఉంది’ అనో ఒక్క ముక్క రాసి ఊరుకుంటే రాబోయే ప్రమాదాన్ని అంచనా వేయడం కుదరదు.

అన్నిటికన్నా ముందు రాయాల్సింది, గుండెకు ఎంత శ్రమ పెట్టారన్నది. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే, 220 లోంచి వయసు తీసేయగా మిగిలినదాంట్లో కనీసం 85 శాతానికి గుండె వేగం చేరాలి. అరవై ఏళ్ల మనిషికి నిమిషానికి 136. అప్పుడు బొమ్మలో కనిపించేందుకు వాడే రేడియోధార్మిక టెక్నీషియం మందు ఎక్కించి మరో నిమిషమైనా నడిపించాలి. మోకాళ్ల నొప్పితో 110 దగ్గరే దిగిపోయినా, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర వేసుకుని వచ్చినా ఆ వేగం అందదు, రక్తం తగ్గే చోటు దాగిపోవచ్చు. ఆ మాత్ర ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపడం ప్రమాదం.

నడవలేనివారికి గుండె రక్తనాళాలను వెడల్పు చేసే మందులిస్తారు: అడినోసిన్‌ను కిలో బరువుకు నిమిషానికి 140 మైక్రోగ్రాముల చొప్పున ఎక్కిస్తారు, లేదా రెగాడెనోసాన్ 0.4 మిల్లీగ్రాములు ఒకేసారి ఇస్తారు. ఇక్కడే చాయ్ కొంప ముంచుతుంది. ఈ మందులు రక్తనాళాల్లో పనిచేసే చోటునే కెఫీన్ అడ్డుకుంటుంది. పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్‌లో స్కాన్‌కు వెళ్లేవారు దారిలో ఒక్క చాయ్ తాగినా పరీక్ష చెడిపోవచ్చు. చాయ్, కాఫీ, కోలా, చాక్లెట్ కనీసం 12 గంటలు, వీలైతే 24 గంటలు మానాలి. కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది. ఈ సంగతి అపాయింట్‌మెంట్ చీటీ మీదే తెలుగులో అచ్చువేయాలి. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి, వారికి గుండె వేగాన్ని పెంచే డోబుటమైన్‌తో చేయవచ్చు.

తర్వాత, రక్తం సరిగా అందని లోటు ఎంత మేర ఉందన్నది. ఎడమ జఠరికను (గుండె కింది ఎడమ గదిని) 17 భాగాలు చేసి ఒక్కోదానికి 0 (మామూలు) నుంచి 4 (మందు అసలు చేరలేదు) దాకా మార్కు వేస్తారు. శ్రమలో కనిపించి విశ్రాంతిలో పూడిపోయే లోటు ఇస్కీమియా. రెండింటిలోనూ ఉంటే చాలావరకు పాత గుండెపోటు మచ్చ. ఇస్కీమియా కండరంలో 10 శాతం దాటితే ప్రమాదం ఎక్కువే. ఆ శాతం, దానితోపాటు ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ జఠరిక బయటికి నెట్టే రక్తం శాతం) రాయాలి.

సరిగా శ్రమ పెట్టి చేసిన స్కాన్ బాగుంటే, ఏడాదిలో గుండెపోటో గుండె మరణమో వచ్చే అవకాశం సాధారణంగా నూటికి ఒకటి కన్నా తక్కువ. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, నడవలేక మందుతో చేయించుకున్నవారికి అంతకన్నా ఎక్కువ. స్కాన్ చూసేది రక్త ప్రవాహాన్నే, నాళంలో పేరుకున్న కొవ్వును కాదు. చిన్న పూడిక కూడా పగిలి గడ్డ కట్టవచ్చు కాబట్టి బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు ఆపకూడదు.

మూడు నాళాలూ సమానంగా పూడుకుపోయినా బొమ్మ బాగున్నట్టే కనిపించవచ్చు. ఎందుకంటే స్కాన్ ఒక భాగాన్ని మరో భాగంతో పోలుస్తుంది. శ్రమ తర్వాత జఠరిక ఉబ్బిందా, ఈసీజీ మారిందా, బీపీ పడిపోయిందా అన్నవి అందుకే రాయాలి. స్త్రీలలో రొమ్ము నీడ, పురుషులలో డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) నీడ లేని లోటును చూపుతాయి. అనుమానం ఉంటే బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీయాలి.

ఇస్కీమియా కనబడగానే స్టెంట్‌కు పరుగెత్తనక్కర్లేదు. 5,179 మందిపై జరిగి 2020లో వెలువడిన ‘ఇస్కీమియా’ పరిశోధనలో, నిలకడగా ఉన్న రోగులకు మందులతో పాటు స్టెంటో బైపాసో ముందే చేసినా మరణాలు తగ్గలేదు. ఎడమ ప్రధాన నాళంలో పూడిక ఉన్నవారిని అందులో చేర్చలేదు, వారి విషయం వేరు. విశ్రాంతిలోనూ ఛాతీ నొప్పి వస్తుంటే స్కాన్ కాదు, ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఏ లక్షణమూ లేక, ప్రమాదం తక్కువగా ఉన్నవారికి హెల్త్ చెకప్ ప్యాకేజీలో దీన్ని కలపొద్దు, రేడియేషన్ దండగ. అవసరమై మళ్లీ చేయించుకునేవారికి పాత స్కాన్ సీడీ కూడా చేతికివ్వాలి. కాగితం ఒక్కటే ఉంటే రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూడలేం.

— న్యూక్లియర్ మెడిసిన్ సిబ్బంది, హనుమకొండ