నోటుపుస్తకాలు మోసినవారికి

నిన్న, 2021 జులై 16న, మధ్యాహ్నం ఒంటి గంటకు దహావీ ఫలితాలు వచ్చాయి. గోదావరికి ఇవతల, మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో, పదో తరగతిని అందరం దహావీ అనే అంటాం. ఇంట్లో ఎంత తెలుగు మాట్లాడినా ఆ ఒక్క మాట మారదు. మా తరగతిలో 41 మందికి 41 మందీ పాసయ్యారు. మహారాష్ట్ర మొత్తం మీద 99.95 శాతం పాసైన ఏడాదిలో ఇది టపాసులు కాల్చుకునే సంగతి కాదని నాకు తెలుసు. “పరీక్షే పెట్టలేదు కదా మేడం, మరి ఎవరు ఫెయిలవుతారు?” అని పొద్దున్నే ఒక పెద్దమనిషి నవ్వాడు. నవ్వనివ్వండి. కరోనా వల్ల పరీక్ష పెట్టని ఏడాదిలో మార్కులు ఎక్కడినుంచి ఊడిపడ్డాయో ఆయనకు తెలియదు.

చెబుతాను. నూటికి 50 మార్కులు తొమ్మిదో తరగతి ఫలితాన్నిబట్టి, 20 గృహపాఠమూ మౌఖిక పరీక్షలూ ప్రాక్టికల్సూ చూసి, మిగిలిన 30 ఈ ఏడాది పిల్లలు రాసినవాటిని చూసి వేయమన్నారు. ఆ 30కి కాగితం కావాలి. బడికి నెలల తరబడి తాళం పడితే కాగితం ఎక్కడినుంచి వస్తుంది? మా దగ్గర వచ్చింది. బీరువా తీస్తే కట్టలు కట్టలుగా ఉంది. దాన్ని పిల్లల ఇంటినుంచి నా బల్ల మీదికి, నా బల్ల మీదినుంచి మళ్లీ పిల్లల ఇంటికి మోసినవారికే ఈ నమస్కారం.

2020 మార్చి 23న జరగాల్సిన భూగోళం పరీక్ష రద్దయినప్పుడు అప్పటి దహావీ పిల్లలు గంతులు వేశారు. వారి తరువాతి తరగతి సంగతి మాకు జూన్‌లో తెలిసివచ్చింది. “శాళా బంద్, పణ్ శిక్షణ్ ఆహే” అన్నారు పైనుంచి. బడి మూశాం, చదువు ఆపలేదు అని. మాట బాగానే ఉంది. బాలభారతి పుస్తకాలన్నీ, అంటే ప్రభుత్వ పాఠ్యపుస్తకాలన్నీ, ఫోనులోకి దించుకోవచ్చు, పాఠం పక్కన ఉండే చదరపు కోడ్‌ను ఫోనుకు చూపిస్తే దీక్షా యాప్‌లో వీడియో వస్తుంది. అన్నిటికీ ఫోను కావాలి. ఇంటింటికీ తిరిగి లెక్క పెడితే 17 ఇళ్లలో స్మార్ట్ ఫోను తేలింది. అదీ నాన్న జేబులో ఉంటుంది, నాన్న మిరప చేలో ఉంటాడు. నా మొదటి ఆన్‌లైన్ తరగతికి తొమ్మిది మంది వచ్చారు. అందులో ఇద్దరు గోదావరి గట్టు మీద కూర్చుని వచ్చారు, అవతలి ఒడ్డు నుంచి తెలంగాణ టవరు సిగ్నలు అక్కడే బాగా అందుతుందని. మూడో రోజు వాన పడింది. ఆ ఇద్దరూ రాలేదు, ఏడుగురు మిగిలారు.

అప్పుడే రోడ్డు పక్క కిరాణా కొట్టు మామ నన్ను పిలిచి, “ఫోను సంగతి నాకు తెలియదు కానీ టీచరమ్మా, మా కొట్టుకు రాని ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు” అన్నాడు. కొట్టు ముందు రెండు ఖాళీ నూనె డబ్బాలు పెట్టాడు. ఎర్ర గుడ్డ కట్టిన దానిలో పిల్లలు రాసినవి వేయాలి, తెల్ల గుడ్డ కట్టిన దానిలోంచి నేను దిద్దినవి తీసుకోవాలి. మొదటి నెల నా దగ్గరికి వచ్చిన నోటుపుస్తకాలన్నీ పల్లీ నూనె వాసనే. ఒక అమ్మాయి బీజగణితం పుస్తకంలో మూడు పేజీలు నూనెకు పారదర్శకమై, వెనక పేజీలోని తప్పులు కూడా ముందే కనిపించాయి. తరువాత డబ్బాల్లో పాత పేపరు పరిచాడు.

కొట్టుకు దూరంగా ఉన్న గూడేలకు పాల బాబాయి మోపెడ్ మీద క్యాన్ల మధ్య సంచీలో వేసుకుని వెళ్లాడు. వాగు పొంగిన రోజుల్లో ఆ సంచీని తల మీద పెట్టుకుని దాటాడట. ఆ మాట నాకు ఆయన చెప్పలేదు, పిల్లలు చెప్పారు. మాడియా గిరిజన పిల్లల ఇళ్లలో మరాఠీ, తెలుగు రెండూ అంతంతమాత్రమే. అక్కడ నా ప్రశ్నలను గోండిలో చెప్పి వచ్చింది ఆశా కార్యకర్త అక్క. ఆమెకు అప్పుడు జ్వరాల సర్వే, క్వారంటైన్ ఇళ్ల కాపలా అన్నీ ఉన్నాయి. ఇది ఆమె పని కాదు.

జిరాక్స్ తమ్ముడు ఏడాది పొడుగునా కాగితం ఖర్చు మాత్రమే తీసుకున్నాడు. మా ఊరునుంచి చంద్రాపూర్‌కూ హైదరాబాదుకూ పనికి వెళ్లిన పాత విద్యార్థులు ఆరు పాత ఫోన్లు పంపారు. ఒకదానిలో ఎవరిదో పెళ్లి ఫోటోలు నాలుగు వందలు అలాగే ఉండిపోయాయి, అన్నీ తుడిచాకే పిల్లవాడికి ఇచ్చాను. ట్యాబ్‌లు ఇస్తామని మా బడి గేటు ముందు ఫోటో దిగి వెళ్లినవారు కూడా ఉన్నారు. వారి పేరు రాయను, వారికి కృతజ్ఞతలూ రాయను.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ఆగస్టులో ఒక అబ్బాయి భూమితి, అంటే రేఖాగణితం, పుస్తకం నా దగ్గరికి వచ్చింది. పాఠం వర్తుళ్, అంటే వృత్తం. మరాఠీలో రాసిన లెక్కల పక్కన, మార్జిన్‌లో, పెన్సిలుతో గుండ్రటి తెలుగు అక్షరాలు.

జీవా అంటే జ్యా.
స్పర్శికా అంటే స్పర్శరేఖ.
త్రిజ్యా అంటే వ్యాసార్ధం.
కాటకోన్ అంటే లంబకోణం.
కంస్ అంటే చాపం, మన కంసుడు కాదు.

ఎవరు రాశారని ఫోనులో అడిగితే “మా అమ్మ” అన్నాడు. ఆ తల్లిది కాళేశ్వరం వైపు ఊరు, పది దాకా తెలుగు మీడియంలో చదివి ఇవతలికి కోడలిగా వచ్చింది. ఇక్కడ తల్లులు చాలామంది అంతే. పుట్టిల్లు నదికి అవతల, అత్తిల్లు ఇవతల. కొడుకు చదివేది మరాఠీ, తనకు వచ్చింది తెలుగు అక్షరం. బడి పంపే మెసేజీ చదవలేదు కాబట్టి ఆమెకు చదువు రాదని మేమే అనుకుంటూ వచ్చాం. ఆమె ఏం చేసిందంటే, కొడుకు చేత పాఠం పైకి చదివించుకుని, బొమ్మ చూసి, ఇది ఫలానా అయి ఉంటుందని తన పాత లెక్కలను గుర్తు చేసుకుంది. “వర్గసమీకరణం దగ్గర ఏడుపొచ్చింది మేడం, అక్కడా అదే మాట, ఇక్కడా అదే మాట” అంది నాతో. ఒక్క స్పర్శరేఖ సిద్ధాంతం మాత్రం మరిచిపోయిందట. వంతెన మీద తనిఖీలు ఉన్న రోజుల్లోనే పుట్టింటికి ఫోను చేసి, అటకమీది తన పాత పుస్తకాన్ని తమ్ముడి చేత చదివించుకుంది.

నేను పద్నాలుగేళ్లుగా ఇదే తాలూకాలో లెక్కలు చెబుతున్నాను. నాకూ ఇంట్లో తెలుగే. ఇలాంటి పట్టిక ఒకటి చేయాలని నాకు ఒక్కసారీ తోచలేదు. సిగ్గుపడుతూనే ఆమెను అడిగి మిగతా పాఠాలకూ రాయించుకున్నాను, తప్పులున్న చోట ఇద్దరం కూర్చుని సరిచేశాం. జిరాక్స్ తమ్ముడు 41 కాపీలు తీశాడు. ఆ తరువాతే చాలా ఇళ్లలో పుస్తకం ముందు పిల్లల పక్కన తల్లి కూర్చోవడం మొదలైంది. రిటైరైన మా తెలుగు పెద్దసారు మిగతా సబ్జెక్టుల సూచనలను రోజూ రాత్రి తెలుగులో చెప్పి రికార్డు చేసి పంపారు. ప్రతి రికార్డుకూ మొదట ఒక దగ్గు, చివర “ఉంటాను మరి”.

అక్కా, మీ పేరు పెట్టవద్దన్నారు, పెట్టలేదు. మీ అబ్బాయికి గణితంలో ఎంత వచ్చిందో మీకు ముందుగా చెప్పింది నేనే అన్న సంతోషం నాకు చాలు.

జులై 15 నుంచి కరోనా లేని ఊళ్లలో ఎనిమిది నుంచి తరగతులు తెరవవచ్చన్నారు. మా గ్రామపంచాయతీ తీర్మానం ఇంకా కాలేదు. కాబట్టి మూడు మనవులు. ఫోన్లు తీసుకున్న ఆరుగురూ శుక్రవారంలోగా తిరిగి ఇవ్వండి, కొత్త దహావీ వారు అడుగుతున్నారు. జిరాక్స్ షాపులో ఇంకా 340 రూపాయలు బాకీ ఉంది, రేపు నేను కడుతున్నాను, తమ్ముడు వద్దంటే వినకండి. మామ కొట్టులో తెల్ల గుడ్డ డబ్బాలో పదకొండు పుస్తకాలు మిగిలాయి. అట్టల మీద పేర్లు చెరిగిపోయాయి, మీ అక్షరాన్ని మీరే గుర్తుపట్టి తీసుకెళ్లండి.