బావగారి గారెలు

సత్యనారాయణపురం,
విజయవాడ.
ఆదివారం, ఇంకా తెల్లారలేదు.

ఒరేయ్ సాంబా,

తిట్టుకో, ఎంత తిట్టుకుంటావో తిట్టుకో. దసరాకి నువ్వు రాసిన ఉత్తరం నా బల్ల సొరుగులోనే ఉంది. జవాబు రాద్దామని బయటికి తీసినప్పుడల్లా ఎవరో ఒకరు తలుపు కొట్టారు. ఇప్పుడు కూడా జవాబు రాయడానికి కూర్చోలేదు. ఒక సంగతి ఉంది, అది నీకు చెప్పకపోతే నాకు కడుపుబ్బి చచ్చేలా ఉంది. మా చిన్నాన్న కొడుకు ఇవాళ పినాకినికి మీ చెన్నై వస్తున్నాడు, స్టేషనుకి పోతూ ఇటొచ్చి ఉత్తరం పట్టుకెళ్తానన్నాడు. ఆ లోపల ఎంత రాస్తే అంత.

ముందు మామూలు కబుర్లు ఒక్క గుక్కలో చెప్పేస్తా. అందరం బాగున్నాం. చిన్నాడు ఉద్యోగం మారాడు, జీతం పెరిగింది, ఫోన్లు తగ్గాయి. మా ఆవిడ మోకాలు అలాగే ఉంది. పుస్తకాల పండగకి వెళ్ళాను, నువ్వడిగింది దొరకలేదు, వేరేవి కొన్నాను, అవి నీకివ్వను (పాత బాకీ తీరలేదు, ఏ బాకీయో నీకు తెలుసు). అమ్మ బాత్రూంలో జారి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది. కంగారు పడకు, బాగానే అతుక్కుంటోందన్నారు. నేను చెప్పబోయే కథంతా ఆ కట్టు దగ్గరే మొదలైంది.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, మా వంశం ఆ మాటని గట్టిగా పట్టుకుంది. సంక్రాంతికి వచ్చినవాడు ముక్కనుమ దాటితే గాని పెట్టె సర్దడు. కాబట్టి ఇల్లు నిండా జనం, డాబా మీద కూడా పక్కలు. ఇక కనుమ నాడు మినుము తినాలన్నది అమ్మకి రాజ్యాంగం. గారెలు, అల్లం పచ్చడి, నాటుకోడి పులుసు. ఇన్నేళ్ళలో ఆ గారెల మూకుడు ముందు అమ్మ తప్ప ఇంకో మనిషి నిలబడలేదు. మా ఆవిడకి అల్లం పచ్చడి దాకా అనుమతి ఉంది, నూనె దగ్గరికి లేదు.

ఈసారి అమ్మ చేతికి కట్టు. అయినా తగ్గుతుందా? వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని ఆర్డర్లు మొదలుపెట్టింది. గుళ్ళు వద్దు, పొట్టు పప్పే నానబోయండి, పొట్టు మరీ శుభ్రంగా కడక్కండి, కాస్త ఉంటేనే రుచి. అంతా ఆవిడ చెప్పినట్టే జరిగింది. గ్రైండరు తిరుగుతోంది. సరిగ్గా పప్పు సగం నలిగాక కరెంటు పోయింది! చాలాసేపటికి వచ్చింది. ఈలోగా పిల్లలు ఆకలని గోల, మగాళ్ళు గొణుగుడు, వంటింట్లో టెన్షన్. తొందరగా అయిపోతుందని ఎవరో మిగతా పప్పు మిక్సీలో వేశారు, అది తిరగడం లేదని ఎవరో నీళ్ళు పోశారు. ఎవరు పోశారన్నది ఇప్పటికీ తేలలేదురా. పిన్ని మా ఆవిడ వైపు చూస్తుంది, మా ఆవిడ పిన్ని కోడలి వైపు చూస్తుంది, ఆ పిల్ల ఫోను వైపు చూస్తుంది.

పిండి అట్ల పిండి అయి కూర్చుంది. మొదటి గారె నూనెలో పడగానే చిల్లు మూసుకుపోయి, అంచులు విడిపోయి, నాలుగు ముక్కలైంది. రెండోది చెయ్యి వదల్లేదు. "పోనీ బయట్నించి తెప్పిద్దాం" అని వెనక నించి ఒక గొంతు. అమ్మ ఏమీ అనలేదు, కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని దాని వైపే చూస్తూ కూర్చుంది. నాకు ఎలాగో అయిపోయింది.

అప్పుడు లేచారురా, మన మౌనస్వామి.

అవును, మా బావగారే. నీ పెళ్ళిలో ఫొటోగ్రాఫరు "కాస్త నవ్వండి సార్" అంటే "ఎందుకూ?" అని అడిగిన మనిషి. బ్యాంకులో రిటైరైన దగ్గర్నించీ పేపరు, కుర్చీ, ఆయన, ముగ్గురూ ఒకటే. ఆ పేపరు మడిచి పక్కన పెట్టారు. వాచీ తీసి జేబులో వేసుకున్నారు. పంచె ఎగ్గట్టి, మోచేతుల దాకా చేతులు కడుక్కొచ్చి, చాలా మెల్లిగా "అత్తయ్యగారూ, బియ్యప్పిండి ఉందాండీ?" అన్నారు.

ఇల్లంతా ఒక్కసారి ఆగిపోయింది. నువ్వే ఆలోచించు, అల్లుడు! పాత అల్లుడైతే మాత్రం, సంక్రాంతి పూట అల్లుడి చేత పొయ్యి దగ్గర పనా! అమ్మ కుర్చీలోంచి లేవబోయి "అయ్యయ్యో, అల్లుడుగారూ, మీరెందుకండీ, ఊళ్ళోవాళ్ళు వింటే..." అని ఒకటే గోల. అక్క అయితే నవ్వేసింది. "మీకు గ్యాసు వెలిగించడమే రాదు కదండీ!" ఆయన అక్క వైపు ఒకసారి చూసి, గ్యాసు వెలిగించారు.

ఆ తర్వాత జరిగింది నేను కళ్ళారా చూశాను కాబట్టి నమ్ముతున్నాను. గ్లాసుడు నీళ్ళు తెప్పించి అందులో చిన్న పిండి ముద్ద వేశారు. మునిగి విడిపోయింది. తల ఊపి, గిన్నెని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టించారు. బయటికి తీశాక గుప్పెడు బియ్యప్పిండి చల్లి, వెడల్పాటి బేసిన్లో వేసి, చేత్తో ఒకే వైపు గిలకొట్టడం మొదలుపెట్టారు. ఎంతసేపు కొట్టారంటే మా పెద్దాడు కుర్చీ తెచ్చి పెట్టాడు, కూర్చోలేదు. పిండి తెల్లబడింది, పొంగింది. మళ్ళీ గ్లాసులో ముద్ద వేస్తే ఈసారి తేలింది. "గాలి పట్టింది" అన్నారు. ఉప్పు అప్పుడు వేశారు. ముందే వేస్తే పిండి నీరు వదుల్తుందట. అమ్మ అది విని మా ఆవిడ వైపు 'విన్నావా' అన్నట్టు చూసింది.

నూనెలో చిటికెడు పిండి వేశారు. అడుగుకి పోయి, నిదానంగా పైకొచ్చింది. వెంటనే తేలి రంగు తిరిగితే నూనె మరీ కాగినట్టట, కిందే ఉండిపోతే ఇంకా కాగనట్టట, అప్పుడు వేస్తే గారె నూనె తాగేస్తుంది. ఇక చూడు. ఆకు లేదు, పాల కవరు లేదు. కుడిచెయ్యి నీళ్ళలో ముంచడం, నిమ్మకాయంత పిండి వేళ్ళ మీదికి తీసుకోవడం, బొటనవేలితో చిల్లు పొడవడం, మూకుడు అంచు నించి జారవిడవడం. అన్నీ ఒక్క చేత్తోనే! ఎడంచెయ్యి చిల్లుల గరిటెతో అవతలివైపు గారెలు తిరగేస్తోంది. మాట్లాడే మనిషి కాదు కదా, చెవి మూకుడు వైపు పెట్టుకుని నిలబడ్డారు. నేనడిగితే చెప్పారు, చిటపట తగ్గిందంటే లోపలి తడి పోయిందని, అప్పుడు తియ్యాలని. రంగు చూసి తీసేవాళ్ళు పచ్చివి తీస్తారట. (ఇంట్లో అందరం రంగు చూసే తీస్తాం.)

మొదటి వాయి ఆయనే పళ్ళెంలో పెట్టి అమ్మకిచ్చారు. పైన కరకర, లోపల దూది. అమ్మ ఎడంచేత్తో తుంచి, అల్లం పచ్చడిలో ముంచి, తిని, ఏమందో తెలుసా? "ఎక్కడ నేర్చుకున్నారు?"

"గుంటూరులో అండీ. బ్రాడీపేటలో. బజ్జీల బండి మీద."

అక్క చేతిలో గిన్నె పడిపోలేదు గాని, పడిపోవాల్సిందే.

ఒరేయ్, ఆయన రేపల్లె పక్క పల్లె నించి గుంటూరొచ్చి డిగ్రీ చదివారని మనకి తెలుసు. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి నీకు గుర్తే, దివిసీమ అంటాం గాని ఇవతల గుంటూరు జిల్లా తీరం కూడా అప్పుడు కొట్టుకుపోయింది. వాళ్ళ పొలం ఉప్పునీళ్ళలో మునిగింది. ఇంటినించి వచ్చే డబ్బు ఆగిపోయింది. హాస్టలు బాకీ. అప్పుడు కాలేజీ అయ్యాక సాయంత్రాలు ఆ బండి దగ్గర చేరారట, రాత్రి భోజనం, పైన కొంచెం డబ్బు. తోటి కాలేజీ పిల్లలు వచ్చే వేళకి తలకి కట్టిన తువ్వాలు కళ్ళ మీదికి లాక్కునేవారట. లెక్కల మాస్టారు ఒకాయన గుర్తుపట్టి కూడా ఏమీ అనలేదట. కానీ చిల్లర మాత్రం పైసలతో సహా లెక్కపెట్టి తీసుకునేవాడట! ఇది చెబుతూ బావగారు నవ్వారు. నవ్వారురా సాంబా, పళ్ళు కనపడ్డాయి.

"మరి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు బావగారూ?" అన్నాను.

"ఎవరూ అడగలేదు కదా గోపీ."

పెళ్ళిచూపుల ముందు వాళ్ళ నాన్నగారు మాత్రం చెప్పారట, బండి మాట ఎత్తకు, బజ్జీలు వేసినవాడికి పిల్లనెవరిస్తారు అని. ఇది చెప్పినప్పుడు అమ్మ మొహం చూడలేకపోయాను. ఎందుకంటే అప్పట్లో తెలిసుంటే మా నాన్న నిజంగానే... సరే, ఆయన లేరు, ఆ మాట ఎందుకు.

అక్క డాబా మీదికి వెళ్ళిపోయింది. మేం భయపడ్డాం. కాసేపటికి దిగొచ్చి, తిన్నగా ఆయన పక్కన నిలబడి, "నేనింతకాలం వేసిన బజ్జీలు ఎలా ఉండేవి?" అంది. ఆయన గారె తిరగేస్తూ బాగా ఆలోచించి, "నూనె ఇంకాస్త కాగాలి" అన్నారు. ఇల్లు ఎగిరిపోయిందిరా నవ్వులతో! అక్క మర్నాటి నించీ వంటింట్లో అడుగుపెట్టడం లేదు, నేనూ రిటైరయ్యానంటోంది.

పిండి ఇంకా మిగిలింది. దాంట్లో పుల్లమజ్జిగ, బొంబాయి రవ్వ, ఇంకాస్త బియ్యప్పిండి, ఉల్లిపాయలు, జీలకర్ర కలిపి పక్కన పెట్టి, సాయంత్రం పునుగులు వేశారు. మైదా వెయ్యలేదు. ఈ మధ్య మన ఊరి బళ్ళ మీద పునుగు పట్టుకుంటే సాగుతోంది చూడు, ఆ మైదా మహత్యమే. అల్లం పచ్చడి అప్పటికే అయిపోయింది. (మా ఆవిడ కొలత రాసుకో, మీ ఇంట్లో అడుగుతారు: అల్లం ఎంతో చింతపండు అంత, బెల్లం రెండింతలు, ఎండుమిర్చి మీ ఓపిక. అల్లం తడి తుడిచి నూనెలో వేయించాలి, లేకపోతే పచ్చివాసన.) అందుకని ఆయన బండి చట్నీ చేశారు. పల్లీలు, వాటికి మించి పుట్నాల పప్పు, పచ్చిమిర్చి, ఇంత చింతపండు, బోలెడు నీళ్ళు. కొబ్బరి ఖరీదని బండాయన దాని జోలికి పోయేవాడు కాదట. పల్చగా, జారుగా. పునుగుని అందులో ముంచకూడదట, పునుగుల మీద పొయ్యాలట. పిల్లలు గిన్నెలు నాకారు.

ముక్కనుమకి మిరపకాయ బజ్జీలు. కాయలకి నన్ను కాళేశ్వరరావు మార్కెట్టుకి తోలారు. తెచ్చినవాటిలో సగం పక్కన పడేశారు, తొడిమ వాడిందని, గుజ్జు పల్చనని. మీ చెన్నై మిత్రులకి చెప్పు, గుంటూరు బజ్జీ అంటే గుంటూరు యార్డులో అమ్మే మిర్చితో చేస్తారనుకుంటారు వాళ్ళు. యార్డుకొచ్చేవి ఎండబెట్టిన కాయలు, సన్నాలు, తేజాలు. ఆ తేజ పచ్చికాయ బజ్జీ వేసి పెడితే తిన్నవాడు తిరిగి రాడు. బజ్జీకాయ వేరే, పొడుగ్గా, లావుగా, లేతాకుపచ్చగా ఉంటుంది. చీల్చి గింజలు తీసి, వాము, ఉప్పు, చింతపండు నూరిన ముద్ద పూసి, శనగపిండిలో ముంచి, సగం వేగాక తీసేశారు. తినేముందు రెండోసారి నూనెలో వేశారు. నిలువునా కోసి ఉల్లిపాయ కూరి నిమ్మకాయ పిండారు. కిందింటి వాళ్ళు వాసన పట్టుకుని పైకొచ్చారు, పై వాటా వాళ్ళు కిందికొచ్చారు, మూకుడు చుట్టూ మేం పెళ్ళివారిలా

అదిగో, హారన్. వీడు అప్పుడే వచ్చేశాడేంట్రా బాబూ! అసలు సంగతి ఇంకా చెప్పలేదు, శివరాత్రికి బావగారు, అమ్మ కలిసి... ఫోను చెయ్యి, చెబుతా. డబ్బాలో అల్లం పచ్చడి పంపుతున్నాను, తడి చెంచా పెట్టకు. హారన్ మళ్ళీ. వస్తున్నా

నీ గోపి