పిల్లల కథలు అయిపోయాయి, పెద్దల నవల ఇంకా అందదు, మధ్యలో వాళ్ళేం చదవాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇప్పటి పిల్లలు పుస్తకం ముట్టుకోవట్లేదని, ఫోన్ తప్ప వాళ్ళకి ఇంకో లోకం లేదని ఒక వ్యాసం వచ్చింది కదండీ. చదివి ఊరుకుందాం అనుకున్నా గానీ మనసొప్పలేదు, అందుకే ఈ ఉత్తరం. నేను స్కూల్ లైబ్రేరియన్ని, చాలా ఏళ్ళుగా ఇదే పని. పదేళ్ళ పిల్లలు ఒక పుస్తకం ఇచ్చి ఇంకోటి పట్టుకెళ్ళడం రోజూ చూస్తా. ఆ పిల్లలే 13, 14 వచ్చేసరికి లైబ్రరీ పీరియడ్లో వచ్చి అట్టలు తిరగేసి, వెనకాల రెండు లైన్లు చదివి, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేసి వెళ్ళిపోతారు. ఫోన్ వల్లేనని అందరూ అంటారు, కొంత నిజమే కావచ్చు, కానీ వాళ్ళు అలా తిరగేసి పెట్టేస్తున్న అర ముందు నిలబడి చూస్తే నాకు ఇంకోటి కనిపిస్తుంది. ఒకవైపు మాట్లాడే కుందేళ్ళు, ఇంకోవైపు నలభై ఏళ్ళ మనిషి సంసారం. ఈ రెంటికీ మధ్య వాళ్ళకంటూ ఉన్నవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆకలి లేదని మనం అనేస్తున్నాం, పళ్ళెంలో ఏం పెట్టామో చూడట్లేదు.

లైబ్రరీ వాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1957లోనే పిల్లల సేవల నుంచి విడదీసి యంగ్ అడల్ట్, అంటే టీనేజ్ వాళ్ళ సేవలకి ఒక డివిజన్ పెట్టింది. అంటే ఈ వయసు వాళ్ళు పెద్ద సైజు పిల్లలూ కాదు, చిన్న సైజు పెద్దవాళ్ళూ కాదు అని ఆ రోజుల్లోనే ఒప్పుకున్నారన్నమాట.

యంగ్ అడల్ట్ ఫిక్షన్ అంటే చాలామంది టీనేజ్ లవ్ స్టోరీలు అనుకుంటారు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నా. కాదండీ. అందులో దెయ్యాల కథలుంటాయి, సైన్స్ ఫిక్షన్ ఉంటుంది, హత్య కేసు ఉంటుంది, అన్నీ ఉంటాయి. వీటన్నిట్లో ఒకేలా ఉండేది రెండే రెండు. ఒకటి ముఖ్యపాత్ర వయసు, అది చెప్పక్కర్లేదు. రెండోది, అసలైనది, కథ చెప్పే గొంతు ఎక్కడ నిలబడి మాట్లాడుతోంది అన్నది. నలభైలో ఉన్న మనిషి తన పదిహేనో ఏడు గుర్తుచేసుకుని చెప్తే అది జ్ఞాపకం, ఎంత బాగా రాసినా అందులో ఒక నింపాది ఉంటుంది, ఎందుకంటే ఆ గండం గట్టెక్కిన మనిషి చెప్తున్నాడు కాబట్టి. పదిహేనేళ్ళ పిల్లకి ఆ నింపాది ఎక్కడిది, తను ఇంకా నీళ్ళలోనే ఉంది, ఒడ్డు ఉందో లేదో కూడా తెలీదు. ఆ తెలియకపోవడంలోంచి కథ చెప్తే అది వాళ్ళ నవల అవుతుంది.

ఇది నాకు ఏ పుస్తకం చదివితేనో తెలియలేదు, మా అక్క కూతురు నేర్పింది.

నేను మూడేళ్ళు కష్టపడి ఒక నవల రాశాను. ఇద్దరు స్నేహితురాళ్ళు, ఒకమ్మాయి ఏ కారణం చెప్పకుండా రెండో అమ్మాయితో మాట్లాడ్డం మానేస్తుంది, కథంతా అంతే. డ్రాఫ్ట్ ప్రింట్ తీసి మా పిల్లకి ఇచ్చా, అప్పుడు దానికి 14. బాగుందో లేదో చెప్పొద్దు, చదవడం ఎక్కడ ఆపబుద్ధి అయిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు చాలు అన్నాను. పది రోజుల తర్వాత తెచ్చిచ్చింది. 11 గీతలు ఉన్నాయి. వరసపెట్టి చూస్తే వాటిల్లో ఎనిమిది ఒకే రకం చోట్ల పడ్డాయి, ఆ అమ్మాయి నోటితో నేను మాట్లాడిన చోట్ల. ఒక చోట నేను ఇలా రాశా, "ఇలాంటివి అందరి జీవితాల్లోనూ జరుగుతాయని ఆ రోజు నాకు తెలీదు" అని. దాని పక్కన గీతతో పాటు చిన్నక్షరాలతో "మరి ఎప్పుడు తెలిసింది?" అని రాసింది. నాకు చాలాసేపు నోట మాట రాలేదు. కథ జరుగుతున్నది ఆ వారంలోనే, ఆ అమ్మాయికి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు, తెలిసింది నాకు. పిన్నీ, అక్కడ్నించి వాళ్ళమ్మ మాట్లాడుతున్నట్టుంది అంది మా పిల్ల, మెల్లిగా, నేను బాధపడతానేమో అని చూసుకుంటూ.

ఆ పేరా మొత్తం కొట్టేసి మళ్ళీ రాశా. ఈసారి ఆ అమ్మాయి క్లాసులోకి వస్తుంది, తను రోజూ కూర్చునే చోట స్నేహితురాలి బ్యాగు పెట్టి ఉంటుంది. ఇదివరకైతే ఈమెని చూడగానే బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకునేది. ఇవాళ తియ్యలేదు. బ్యాగు జిప్పుకి ఇద్దరూ కలిసి కట్టిన దారం ఇంకా అలాగే ఉంది. ఈమె ఇంకో బెంచీకి వెళ్ళి కూర్చుంది. అంతే రాశా, బాధపడింది అని కూడా రాయలేదు. ఈసారి మా పిల్ల గీత పెట్టలేదు, ఆ దారం ఏ రంగు అని అడిగింది.

మనం పెద్దవాళ్ళం ఈ వయసు వాళ్ళకి రాయడానికి కూర్చోగానే చేసే పెద్ద తప్పు ఇదేనండీ, వాళ్ళని బాగుచెయ్యడానికి రాస్తాం. కథ ఎటు పోయినా చివరి చాప్టర్లో ఒక మంచి టీచరో తాతగారో వచ్చి నాలుగు మాటలు చెప్తారు, పిల్లాడి కళ్ళు తెరుచుకుంటాయి. పిల్లలు ఆ తాతగారు మొదటి చాప్టర్లో కనపడగానే పసిగట్టేస్తారు. కథలో పెద్దవాళ్ళు ఉండకూడదని నేననట్లేదు, ఉండాలి, మంచివాళ్ళు కూడా ఉండాలి, కానీ ముడి వేసుకున్న పిల్లే ముడి విప్పుకోవాలి, విప్పలేకపోతే విప్పలేకపోయిందనే రాయాలి. నిర్ణయం పెద్దవాళ్ళ చేతికి వెళ్ళిపోయిన క్షణం నుంచి అది ఆ పిల్ల కథ కాకుండా పోతుంది.

ఎస్.ఇ. హింటన్ అనే అమెరికన్ రచయిత్రి సంగతి నేను మా లైబ్రరీలో ప్రతి ఏడూ పిల్లలకి చెప్తా. తన వయసు వాళ్ళ గురించి నిజంగా రాసినవి చదవడానికి దొరకట్లేదని 15 ఏళ్ళప్పుడు తనే నవల రాయడం మొదలుపెట్టింది, స్కూల్లో చదువుకుంటూనే. 1967లో ది ఔట్‌సైడర్స్ అచ్చయ్యేటప్పటికి 18. రెండు కుర్ర గ్యాంగుల గొడవల కథ కదా, ఆడపిల్ల రాసిందంటే విమర్శకులు చిన్నచూపు చూస్తారని పబ్లిషర్లు ఆమె పేరు పూర్తిగా వెయ్యకుండా పొడి అక్షరాలు వేశారు. ఆ కథలో తల్లిదండ్రులు దాదాపు కనపడరు, ముగ్గురు అన్నదమ్ములు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ బతుకుతారు. అది చదివిన పెద్దవాళ్ళలో కంగారుపడ్డ వాళ్ళు చాలామంది ఉన్నారు, పిల్లలు మాత్రం వదల్లేదు, ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు.

ఇంకో మనిషి రాబర్ట్ కార్మియర్, ఈయనా అమెరికన్ రచయితే. 1974లో ఈయన నవల ఒకటి వచ్చింది, స్కూల్లో అందరూ చేసే పని చెయ్యను అన్న ఒక కుర్రాడి కథ, చివరికి ఆ కుర్రాడు ఓడిపోతాడు. ఎండింగ్ మార్చమని పబ్లిషర్లు అడిగితే ఆయన మార్చలేదు. నాకు ఈయన మీద గౌరవం దానివల్ల కంటే ఇంకో పని వల్ల ఎక్కువ. 1977లో వచ్చిన ఇంకో నవలలో ఒక ఫోన్ నంబర్ రాయాల్సి వస్తే తన ఇంటి నంబరే రాసేశాడు. చదివిన పిల్లలు నిజంగానే ఆ నంబర్‌కి ఫోన్లు చేశారు, ఏళ్ళ తరబడి చేస్తూనే ఉన్నారు, ఆయన ఎత్తి మాట్లాడేవాడు. అంత చీకటి కథలు రాసిన మనిషి ఇంట్లో ఫోన్ మోగితే పిల్లలకి దొరికేవాడు అన్నది ఎప్పుడు తల్చుకున్నా నాకు కళ్ళు చెమరుస్తాయి.

చీకటి మాట వచ్చింది కాబట్టి, తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది దాని గురించే. ఇంత బాధ ఉన్న పుస్తకాలు మా పిల్లకి ఎందుకిచ్చారు అని ఒకావిడ ఏడ్చినంత పనిచేసింది. నేను ఆవిణ్ణి తప్పుపట్టను, బిడ్డ మీద ప్రేమతో వచ్చింది. నా మటుకు నేను చెప్పేది, ఆ బాధని పుస్తకం తెచ్చిపెట్టలేదు, అప్పటికే క్లాసులో ఉంది, ఫోన్లో ఉంది, రాత్రి మెసేజ్ పంపితే అవతలి వాళ్ళు చూసి కూడా జవాబివ్వకపోతే రెండు నీలం టిక్కుల వంక చూస్తూ నిద్రపోకుండా పడుకున్న పిల్ల దగ్గర ఉంది. ఆ బాధని చెప్పుకోవడానికి పుస్తకం ఒక మాట అందిస్తుంది. రాసేవాళ్ళకి బాధ్యత లేదని కాదు. ఎవరైనా తమకి తాము హాని చేసుకునే సంగతి రాస్తే ఎలా చేసుకున్నారో వివరంగా రాయకూడదు, దాన్ని అందంగా చూపించకూడదు, ఇక్కడ నేను రాజీ పడను. మిగతాదంతా రాయాలి. ఆశ ఉండాలంటారు కదా, ఉండాలి, కానీ ఆశంటే అంతా సర్దుకుపోవడం కాదు, ఆ అమ్మాయి మర్నాడు లేచి స్కూలుకి వెళ్ళి ఇంకో బెంచీ మీద కూర్చోవడం కూడా ఆశే.

నా నవల ఒక పబ్లిషర్‌కి పంపితే చివర్లో స్నేహితురాళ్ళిద్దరూ కలిసిపోయేలా మార్చి, స్నేహం విలువ గురించి ఒక పేజీ కలిపితే వేస్తామన్నారు. మా పిల్లని అడిగా. అది ఆలోచించి, అలా కలిసిపోతే నేను నమ్మను పిన్నీ అంది. నేను మార్చలేదు, అది ఇప్పటికీ అచ్చు కాలేదు.

చదివించే వాళ్ళకి ఒక్క మాట. పిల్ల నవల పూర్తిచేసి కింద పెట్టగానే, దీన్నుంచి ఏం నేర్చుకున్నావు అని దయచేసి అడక్కండి, అది పరీక్ష అయిపోతుంది. మీరు కూడా ఆ పుస్తకం చదవండి, చదివి ఆ కుర్రాడు అలా ఎందుకు చేశాడంటావ్ అని పాత్ర గురించి మాట్లాడండి, వాళ్ళు ఆ కుర్రాడి గురించి చెప్తూ చెప్తూ తమ గురించి చెప్పేస్తారు. చెప్పకపోయినా ఫర్వాలేదు. మా లైబ్రరీలో ఒకబ్బాయి ఒకే నవల మూడుసార్లు తీసుకెళ్ళాడు. మూడోసారి తిరిగిచ్చాక అరలో పెట్టబోతే పుస్తకం చేతిలో దానంతటదే ఒక పేజీ దగ్గర తెరుచుకుంది, అంతలా అక్కడ ఒత్తి పట్టుకుని చదివాడన్నమాట. ఆ పేజీలో ఒక తండ్రి, కొడుకు ఒకే గదిలో కూర్చుని అరగంట సేపు ఒక్క మాట కూడా మాట్లాడుకోరు. నేను ఆ అబ్బాయిని ఏమీ అడగలేదు. మళ్ళీ కావాలంటే దొరికేలా ఆ పుస్తకం అదే చోట ఉంచా.

పిల్లలు చదవడమే కాదు రాయగలరు కూడా, రాసింది దిద్దుకోగలరు కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకి దొరక్కుండా దాక్కుని ఆన్ ఫ్రాంక్ రాసిన డైరీ అందరికీ తెలుసు గానీ ఆ అమ్మాయి దాన్ని కూర్చుని తిరగరాసిందని చాలామందికి తెలీదు. 1944 మార్చిలో రేడియోలో ఒక మంత్రి యుద్ధకాలం నాటి డైరీలు, ఉత్తరాలు దాచిపెట్టమని చెప్పడం విని, అచ్చువేయించే పుస్తకంలా చేద్దామని మే నెలలో మొదలుపెట్టి, ఆగస్టు 4న పోలీసులు వచ్చేలోపు 200 పైచిలుకు విడి కాగితాల మీద మళ్ళీ రాసింది, కొన్ని తీసేసింది, కొన్ని కలిపింది. అప్పటికి 15 నిండి రెండు నెలలు కూడా కాలేదు. ఈ వయసు వాళ్ళకి ఓపిక లేదనేవాళ్ళకి నేను ఇదే చెప్తా.

అందుకని ఎడిటర్ గారూ, మీకు ఒక మనవి. మీ ఆదివారం సంచికలో చిన్నపిల్లలకి ఒక పేజీ ఉంది, పెద్దలకి కథ ఉంది. 13 నుంచి 18 మధ్య వాళ్ళకి నెలకి ఒక్క పేజీ ఇవ్వండి, ఒక కథ పెద్దవాళ్ళు వాళ్ళకోసం రాసింది, ఒక కథ వాళ్ళే రాసింది. వాళ్ళు మాట్లాడే భాషలోనే ఉండనివ్వండి, అక్షర దోషాలు దిద్దండి గానీ చివర నీతి మాత్రం మీ డెస్కులో కలపకండి. రాసిన పిల్లల ఫోటో, మార్కులు, తల్లిదండ్రుల పేర్లు వద్దు, పేరు వద్దన్న పిల్లకి పేరు కూడా వెయ్యకండి. మొదటి సంచికకి కథలు కావాలంటే మా లైబ్రరీ డెస్కు సొరుగులో తొమ్మిది ఉన్నాయి, రాసినవాళ్ళని అడిగి, సరేనంటేనే పంపిస్తాను.

ఇట్లు,
ఒక స్కూల్ లైబ్రేరియన్